నూలు ఒక ప్రక్క, బట్ట ఒక ప్రక్క: కంప్యూటరు లెక్కలను కలిపి చూచు విధము

మన నేత సంఘముల లెక్కలు కాగితపు పుస్తకములనుండి కంప్యూటరులోనికి మారుచున్నవి. సోలాపూరు, సేలము, కాంచీపురము, బళ్ళారి, బరంపురము మొదలుగా మనవారు తరతరములుగా స్థిరపడిన ఊళ్ళలో గుమాస్తా బల్లమీద చిట్టాకు తోడుగా, కొన్నిచోట్ల చిట్టాకు బదులుగా, తెర వెలుగుచున్నది. దీనివలన మేలు లేకపోలేదు. సూత్రము సరిగా వ్రాసినచో కూడికలు తప్పవు. ఆడిటరు అడిగిన పట్టిక వెంటనే చేతికి వచ్చును. నకలు వ్రాయు శ్రమ తప్పినది.

కాని ఒక మంచి అలవాటు ఈ మార్పులో చేజారినది. దానిని తిరిగి తెచ్చుకొనుట ఎట్లో ఈ వ్యాసములో మనవి చేయదలచినాము.

పాత పద్దు పుస్తకము తెరచినచో రెండు పుటలు ఒకేసారి కనబడెడివి. ఎడమ పుట జమ, కుడి పుట ఖర్చు. నూలు ఖాతా అయినచో మగ్గమునకు ఇచ్చిన నూలు ఒక పుటలో, ఆ మగ్గము నుండి వచ్చిన బట్ట ఎదుటి పుటలో ఉండెడివి. గుమాస్తా ఒక పద్దుమీద వ్రేలు పెట్టి రెండవ పద్దు చదువుచుండగా, ఎదుట కూర్చున్న నేతగాడును పుస్తకములోనికి తొంగి చూచెడివాడు. అక్షరములు రానివానికి సైతము అంకెలు తెలియును. తాను తీసికొన్న నూలు తూకము వానికి కంఠస్థమే. అందుచేత లెక్క ఇద్దరి కన్నుల ముందు జరిగెడిది.

కంప్యూటరు తెర అట్లు కాదు. అది పెద్ద గోడకు పెట్టిన చిన్న కిటికీ వంటిది. ఇచ్చిన నూలు పద్దు చూచుచున్నప్పుడు వచ్చిన బట్ట పద్దు కనబడదు. బట్ట పద్దుకు దిగగానే నూలు పద్దు పైకి పోయి మరుగగును. ఈలోపల అంకెను మనస్సులో మోయవలెను. మోయు అంకెలు రెండు మూడైనచో ఎంతటి గుమాస్తాకైనను తడబాటు సహజము.

తెర చిన్నది, పట్టిక పెద్దది

స్ప్రెడ్‌షీటు అనునది గళ్ళ పట్టిక. మన కులవృత్తివారికి దీనిని వివరించుట కష్టము కాదు. నిలువు వరుసలు పడుగు, అడ్డు వరుసలు పేక, రెండును కలిసిన చోట ఒక గడి. నిలువు వరుసలకు ఎ, బి, సి అని అక్షరములు, అడ్డు వరుసలకు 1, 2, 3 అని అంకెలు ఉండును. సి3 అనగా సి వరుసలో మూడవ గడి.

ఎక్సెల్‌లో 2007నాటి కూర్పు మొదలు ఒక్క పట్టికలో 10,48,576 అడ్డు వరుసలు, 16,384 నిలువు వరుసలు పట్టును. తెరమీద ఒకేసారి కనబడునవి మాత్రము ముప్పది నలుబది అడ్డు వరుసలే.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇద్దరు ఆపిల్ 2 యంత్రమునకు విసిక్యాల్క్ అను లెక్కల పట్టికను తయారుచేసిరి. సొంత కంప్యూటరులకు వచ్చిన మొదటి స్ప్రెడ్‌షీటు అదియే. దానిలో 254 అడ్డు వరుసలు, 63 నిలువు వరుసలు. ఆ యంత్రపు తెరమీద పట్టునవి 24 పంక్తులు, పంక్తికి 40 అక్షరములు. అందుచేత ఆనాడే తెరను రెండుగా చీల్చి, పట్టికలో దూరదూరముగా నున్న రెండు చోట్లను ఒకేసారి చూచు వీలు వారు కల్పించిరి. ఆ రెండు భాగములు కలిసి జరుగునట్లును, విడివిడిగా జరుగునట్లును పెట్టుకొనవచ్చును. తరువాత వచ్చిన లెక్కల పట్టికలలోను ఈ సదుపాయము ఉన్నది. మన బల్లమీది కంప్యూటరులోను ఉన్నది. తెలిసి వాడువారే తక్కువ.

310 గ్రాముల కథ

దీని అవసరము తెలియుటకు ఒక ఉదాహరణ తీసికొందము. లెక్క సులభముగా నుండుటకై మేమే కట్టిన ఉదాహరణ ఇది.

80వ నంబరు నూలు. బట్ట వెడల్పు 48 అంగుళములు. అంగుళమునకు పడుగు పోగులు 70, పేక పోగులు 70. పొడుగు 60 గజములు, అనగా 6 గజముల చీరలు 10. పడుగు పోగులు 48 డెబ్బదులు, 3,360. ఒక్కొక్క పోగు 60 గజముల చొప్పున మొత్తము 2,01,600 గజములు. చిలపకు 840 గజములు గనుక 240 చిలపలు. 80వ నంబరనగా పౌనుకు 80 చిలపలు గనుక పడుగునకు 3 పౌనులు. పేకకును లెక్క ఇంతే. రెండును కలిపి 6 పౌనులు, అనగా 2.72 కిలోలు. చీరకు సుమారు 272 గ్రాములు. గంజి బరువును, నేతలో పోగు ముడుచుకొనుటను ఇక్కడ విడిచినాము.

సంఘము ఈ మగ్గమునకు 2.76 కిలోల నూలు ఇచ్చినదనుకొందము. ఆ పద్దు పట్టికలో 14వ అడ్డు వరుసలో ఉన్నది. 6 చీరలు వచ్చిన పద్దు 212వ వరుసలోను, 3 చీరలు వచ్చిన పద్దు 268వ వరుసలోను ఉన్నవి. గుమాస్తా నెలాఖరు వరకు చూచి ఆగినాడు. 9 చీరలకు పట్టిన నూలు 2.45 కిలోలు. తరుగు 310 గ్రాములు. మజూరిలో కోత పడినది.

పదవ చీర మరుసటి నెలలో, 301వ వరుసలో జమ అయి ఉన్నది. అదియును చేర్చినచో తేడా 40 గ్రాములకు దిగును. అది ఆసు దగ్గర, కండెల దగ్గర, అతుకుల దగ్గర ఏ ఇంటనైనను పోవు నూలే.

310 గ్రాముల నూలు వెల పెద్దది కాదు. కోసిన డబ్బును వచ్చే నెలలో తిరిగి ఇయ్యవచ్చును. కాని "ఫలానావారు సంఘము నూలు మిగుల్చుకొన్నారు" అను మాట నేతవీధిలో ఒకసారి పడినచో దానిని తిరిగి తీసికొనుట ఎవరి తరము? పిల్ల పెండ్లి మాటలలో సైతము అట్టి మాట అడ్డు వచ్చును. పరాయి రాష్ట్రమున నాలుగు వీధులలో అందరికి అందరు తెలిసియుండు మనవారిలో ఇది చిన్న సంగతి కాదు. లెక్కను రెండు చోట్ల ఒకేసారి చూడవలెనని మేము పట్టుబట్టుటకు కారణమిదే.

మొదటి ఉపాయము: శీర్షికలను కదలకుండ పట్టుట

పట్టిక క్రిందికి జరుగగానే పైనున్న శీర్షికలు మరుగగును. అప్పుడు ఏ అంకె నూలో, ఏది మజూరియో, ఏది పొదుపు నిధియో తెలియదు. దీనికి ఫ్రీజ్ పేన్స్ అను సదుపాయము కలదు.

మొదటి అడ్డు వరుసలో శీర్షికలు, ఎ వరుసలో మగ్గము నంబరు, బి వరుసలో పేరు ఉన్నవనుకొందము. అప్పుడు సి2 గడిమీద నొక్కవలెను. తరువాత వ్యూ అను చోట ఫ్రీజ్ పేన్స్ నొక్కవలెను. ఎంచుకొన్న గడికి పైనున్న అడ్డు వరుసలు, ఎడమనున్న నిలువు వరుసలు ఇక కదలవు. ఎంత క్రిందికి పోయినను శీర్షిక, ఎంత ప్రక్కకు పోయినను పేరు కనబడుచునే యుండును. వద్దనుకొన్నప్పుడు అక్కడనే అన్‌ఫ్రీజ్ నొక్కిన చాలును.

ఇక్కడ మన సంఘములకు ఒక ప్రత్యేక సూచన. మహారాష్ట్రలో మరాఠీ, తమిళనాట తమిళము, కర్ణాటకమున కన్నడము, ఒడిశాలో ఒడియా లెక్కలలో వాడవలసి వచ్చును. ఇంటి మాట మాత్రము తెలుగు. కనుక శీర్షికలకు రెండు అడ్డు వరుసలు కేటాయించి, మొదటిదానిలో రాష్ట్ర భాష, రెండవదానిలో తెలుగు వ్రాయుడు. అప్పుడు సి3 గడిని ఎంచి ఫ్రీజ్ చేయవలెను. ఇందువలన తనిఖీకి వచ్చిన అధికారికి అడ్డు లేదు. సభ్యునికి తన లెక్క తన భాషలో కనబడును.

రెండవ ఉపాయము: తెరను చీల్చుట

ఒకే పట్టికలో దూరముగా నున్న రెండు చోట్లను చూచుటకు స్ప్లిట్ అను సదుపాయము ఉన్నది. ఎ నిలువు వరుసలో, తెర నడుమనున్న ఒక గడిని ఎంచి, వ్యూ అను చోట స్ప్లిట్ నొక్కినచో తెర పైభాగము, క్రిందిభాగము అని రెండగును. మొదటి అడ్డు వరుసలోని గడిని ఎంచి నొక్కినచో ఎడమ, కుడి అని రెండగును. నడుమ గడిని ఎంచినచో నాలుగు భాగములగును.

మన ఉదాహరణలో పైభాగమున 14వ వరుసను నిలిపి, క్రిందిభాగమును 212, 268, 301 వరుసల మీదుగా జరుపుచు పోవలెను. ఇచ్చిన 2.76 కిలోలు కన్నుల ఎదుట నిలిచియుండును గనుక, అది తీరువరకు చేయి ఆగదు. పైభాగము, క్రిందిభాగము ప్రక్కలకు మాత్రము కలిసియే జరుగును. కాబట్టి పైన తూకము వరుస కనబడుచున్నచో క్రిందను అదే వరుస కనబడును. నిలువు వరుసలు ఒకదాని క్రింద ఒకటి సరిగా నిలుచును.

చీలికను తీసివేయుటకు స్ప్లిట్ మరల నొక్కిన చాలును. లేదా నడుమ గీతమీద రెండుమారులు వెంటవెంట నొక్కవచ్చును. ఒక్కటి గుర్తుంచుకొనవలెను: ఎక్సెల్‌లో ఒకే కిటికీలో ఫ్రీజ్, స్ప్లిట్ రెండును ఒకేసారి ఉండవు. ఒకటి తీసి రెండవది పెట్టుకొనవలెను.

మూడవ ఉపాయము: ఒకే పుస్తకమునకు రెండు కిటికీలు

చాల సంఘములలో నూలు ఒక షీటులో, బట్ట మరొక షీటులో, మజూరి ఇంకొక షీటులో ఉండును. వీనిని కలిపి చూచుటకు స్ప్లిట్ పనికిరాదు. వ్యూ అను చోట న్యూ విండో నొక్కినచో అదే పుస్తకము రెండవ కిటికీలో తెరచుకొనును. తరువాత అరేంజ్ ఆల్ నొక్కి వర్టికల్ అని ఎంచినచో రెండు కిటికీలు ప్రక్కప్రక్కన నిలుచును. ఎడమ కిటికీలో నూలు షీటు, కుడి కిటికీలో బట్ట షీటు పెట్టుకొనుడు. పాత పద్దు పుస్తకపు రెండు పుటలు మరల తెరచినట్లే యుండును.

కిటికీలు రెండైనను పుస్తకము ఒక్కటే. ఒకదానిలో అంకె మార్చినచో రెండవదానిలోను మారును. ఒకదానిలో చెరిపినచో రెండింటను చెరిగినట్లే. రెండవది నకలని తలచి ధైర్యముగా చెరుపరాదు. క్రొత్త కిటికీలో శీర్షికలు కదలిపోవుచున్నచో అక్కడను ఫ్రీజ్ పెట్టుకొనవలెను. ఒక్కొక్క కిటికీలో అక్షరముల పరిమాణమును విడిగా పెంచుకొనవచ్చును గనుక, చూపు మందగించిన పెద్దలు వచ్చినప్పుడు వారివైపు కిటికీని పెద్దదిగా చేసి చూపుట మంచిది.

రెండు వేరు పుస్తకములను పోల్చవలసినప్పుడు రెండింటిని తెరచి, వ్యూ సైడ్ బై సైడ్ నొక్కవలెను. మార్చి 31 నాటి ముగింపు నిలువ, ఏప్రిల్ 1 నాటి ప్రారంభపు నిలువ ఒక్కటిగా నుండవలెను గదా! పాత సంవత్సరపు పుస్తకమును, క్రొత్త సంవత్సరపు పుస్తకమును ఇట్లు ప్రక్కప్రక్కన పెట్టి నంబరు నంబరుకు నూలు నిలువ సరిచూచినచో తేడా ఎక్కడ పడినదో తెలియును. సింక్రనస్ స్క్రోలింగ్ అను మీట వేసియున్నచో రెండును కలిసి జరుగును. రెండు పట్టికలలో వరుసలు ఒకే క్రమమున లేనప్పుడు దానిని తీసివేయవలెను. లేనిచో ఒకటి సరిపడగానే రెండవది తప్పిపోవును.

ఎక్సెల్ కొనలేని సంఘములకు లిబ్రాఫీసు క్యాల్క్ వెల లేకుండ దొరకును. దానిలోను వ్యూ అను చోట ఫ్రీజ్, స్ప్లిట్ రెండును కలవు. విండో అను చోట న్యూ విండో కలదు. గూగుల్ షీట్స్‌లో ఫ్రీజ్ ఉన్నది గాని స్ప్లిట్ లేదు. అదే పట్టికను రెండు కిటికీలలో తెరచి ప్రక్కప్రక్కన పెట్టుకొనవలెను. విండోస్ ఉన్న కంప్యూటరులో విండోస్ మీటతో ఎడమ బాణపు మీట నొక్కినచో కిటికీ ఎడమ సగమునకు, కుడి బాణపు మీట నొక్కినచో కుడి సగమునకు చేరును.

కొన్ని జాగ్రత్తలు

ఒక మగ్గము పద్దులను మాత్రమే చూచుటకు ఫిల్టర్ మంచి సాధనము. అది తక్కిన వరుసలను చెరుపదు, దాచును. కాని దాచినది లేనట్లే తోచును. మగ్గము నంబరు ఒకచోట తప్పుగా పడియున్నచో ఆ పద్దు ఫిల్టరుకు చిక్కదు. కాబట్టి ఫిల్టరుతో తేలిన తరుగును మజూరిలో కోయుటకు ముందు, ఫిల్టరు తీసి, తెర చీల్చి, మరొకసారి పట్టిక చివరివరకు చూడవలెను.

తెరమీద పట్టిన శీర్షికలు అచ్చు కాగితముమీద ప్రతి పుటకు తమంతట రావు. ఎక్సెల్‌లో పేజ్ లేఅవుట్ అను చోట ప్రింట్ టైటిల్స్‌లో శీర్షికల వరుసను చూపవలెను. సభ్యుని చేతికిచ్చు కాగితములో రెండవ పుట శీర్షిక లేక బోసిగా నుండుట మర్యాద కాదు.

అన్నిటికంటె ముఖ్యము, ఈ ఉపాయములు చూపునవే గాని దిద్దునవి కావు. త్రాసు తప్పు తూచినచో, గుమాస్తా తప్పు వ్రాసినచో, రెండు కిటికీలలోను ఆ తప్పే కనబడును. తూకము నేతగాని ఎదుట వేయవలెను, పద్దు ఆనాడే వ్రాయవలెను, పాసుపుస్తకములో అదే అంకె పడవలెను. అటుపిమ్మటనే తెర పని.

సభ్యులకు, కార్యదర్శులకు మనవి

లెక్క అడుగుట తగవులాడుట కాదు. సంఘము సభ్యులది. కనుక నూలు తరుగని చెప్పినప్పుడు, "అయ్యా, ఇచ్చినది ఒక ప్రక్క, తెచ్చినది ఒక ప్రక్క పెట్టి చూపండి" అని అడుగుటకు సంకోచింపవలదు. పాసుపుస్తకము తప్పక వెంట తెచ్చుకొనుడు. ఆసు పోయువారు, కండెలు చుట్టువారు, మగ్గమెక్కువారు ఇంట్లో వేరువేరుగా ఉందురు. ఎంత నూలు వచ్చినదో, ఎంత పట్టినదో తల్లులకు, కోడండ్రకే ఎక్కువ తెలియును. వారిలో ఒకరైనను లెక్క చూచునాడు వచ్చుట మేలు. బడి చదువు చదువు పిల్లలను తోడు తెచ్చినచో వారును నేర్తురు.

సోదర కార్యదర్శులకు మా సూచన ఒక్కటే. తెరను మనవైపు త్రిప్పుకొని "కంప్యూటరు ఇట్లు చెప్పుచున్నది" అనవలదు. కంప్యూటరు మనము వ్రాసినదే చెప్పును. తెరను బల్లకు అడ్డముగా త్రిప్పి, ఎడమ నూలు, కుడి బట్ట పెట్టి, తెలుగులో చదివి వినిపింపుడు. ఒక్కొక్క ఖాతాకు కొన్ని నిమిషములు ఎక్కువ పట్టును. మార్చి 31 ముగింపునకు ముందు సంఘములన్నియు మగ్గము మగ్గమునకు ఒకసారి ఇట్లు చూపి, సభ్యుని సంతకమో వ్రేలిముద్రయో తీసికొని, అటుపిమ్మట తరుగు కోతలు వేయవలెనని మా మనవి. తరుగు నిజముగా ఉన్నచో అతడు తానే ఒప్పుకొనును. లేనిచో కోత పడకముందే తేలిపోవును.